కొక్కేనికి తగిలించిన బ్యాగు

ఊళ్ళో సగం మంది బ్యాగులు ఆమె చేతి మీదుగా వెళ్ళినవే. తెగిన పట్టీ, ఊడిన చక్రం, పళ్ళు కలవనని మొండికేసిన జిప్పు, ఏదైనా సరే ఆమె ముందు పడేస్తే మర్నాటికల్లా మళ్ళీ మనుషుల్లో పడుతుంది. అందుకే ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. అందరికీ ఆమె జిప్పులమ్మ. అయితే ఇందరి బ్యాగులు బాగుచేసిన జిప్పులమ్మకు సొంతానికంటూ ఒక్క బ్యాగు లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు. ఆమె ఎక్కడికీ వెళ్ళదు.

వెళ్ళదంటే తీరిక లేకనో, ఓపిక లేకనో కాదు. భయం. పైకి మాత్రం "కొట్టు ఎవరు చూస్తారండీ" అంటుంది. ఆ కొట్టు ఇంటి ముందుగదే. తలుపుకి తాళం వేస్తే చూసుకునేందుకు ఏమీ ఉండదని అందరికీ తెలుసు, కాని ఆమె మొహం చూసి ఎవరూ ఆ మాట అనరు.

మనకు ప్రయాణమంటే కిటికీ పక్క సీటూ, కొత్త వీధులూ గుర్తొస్తాయి. ఆమెకు ప్రయాణం అంటే బల్ల మీదికి వచ్చి పడేదే. బ్లేడుతో నిలువునా కోసిన బ్యాగు వస్తుంది. "కాస్త కునుకు పట్టిందమ్మా, అంతే" అంటాడు తెచ్చినాయన. బస్సు చక్రం కింద పడి అట్టముక్కలా అయిన పెట్టె వస్తుంది. తనది కాని బ్యాగు పట్టుకొచ్చి, తనది ఎవరి దగ్గరుందో తెలియక గుమ్మంలో నిలబడి ఏడ్చే మనిషి వస్తాడు. సుఖంగా వెళ్ళి సుఖంగా తిరిగొచ్చిన బ్యాగులు ఎవరు తెస్తారు ఆమె దగ్గరికి? అవి నిక్షేపంగా ఎవరి అటకల మీదో ఉంటాయి. ఆ ముక్క ఆమెకు తోచదు. ఎవరైనా చెప్పినా నమ్మదు.

వీటన్నిటినీ మించింది ఒకటుంది. చాలా ఏళ్ళ క్రితం ఒకాయన గోధుమరంగు బ్యాగు తెచ్చి మాటా పలుకూ లేకుండా బల్ల మీద పెట్టాడు. నదిలో పడిన బస్సులోంచి తీసిన బ్యాగు అది. జిప్పు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. "తెరిచి పెట్టండి, చాలు" అన్నాడు. ఆమె నూనె చుక్కలు వేసి, సూదిమొనతో తుప్పు గీకి, మెల్లమెల్లగా లాగింది. లోపల బట్టలు మడత చెదరకుండా ఉన్నాయి. ఎవరో ఎంతో ఓపిగ్గా మూలకు మూల కలిపి పెట్టిన మడతలు. ఆయన కాసేపు వాటినే చూసి, "మళ్ళీ మూసెయ్యండి" అన్నాడు. ఆమె మూసింది. ఆ రోజు నుంచి ఎవరు ఊరికి వెళ్తున్నామని చెప్పినా ఆమెకు ముందుగా ఆ మడతలే కనిపిస్తాయి. పెదవి మీద "జాగ్రత్తగా వెళ్ళిరండి" ఉంటుంది, చేతులు మాత్రం వాళ్ళ బ్యాగు పట్టీని ఇంకోసారి గుంజి చూస్తుంటాయి.

అలాంటి మనిషికి ఇప్పుడు ప్రయాణం వచ్చిపడింది. అదీ తప్పించుకునే వీల్లేని ప్రయాణం.

ఆమెకు ఒక అక్క. అమ్మ పోయేనాటికి అక్కకి పెద్ద వయసేం లేదు. అయినా నాన్నతో పాటు కొట్లో కూర్చుంది, చెల్లెల్ని పెంచింది, సూది పట్టుకోవడం నేర్పింది. ఆ కొట్లో ఒక పద్ధతి ఉంది. దాన్ని పెట్టిందీ అక్కే. బాగుచేసిన బ్యాగు ఏదైనా సరే, వెంటనే ఇవ్వకూడదు. అందులో ఇసుక మూటలు నింపి, దూలానికి ఉన్న కొక్కేనికి రాత్రంతా వేలాడదియ్యాలి. తెల్లారేసరికి పట్టీ నిలిస్తేనే ఇచ్చెయ్యాలి. ఆ ఇసుక మూటలు కూడా అక్క కుట్టినవే, మందపాటి గుడ్డ, ఎర్రదారం కుట్లు. "తెగేదేదో మన దగ్గరే తెగాలే. పాపం మోసుకెళ్ళేవాళ్ళ చేతిలో, నడిదారిలో తెగకూడదు" అనేది.

తర్వాత అక్క చాలా దూరంలో ఉన్న పెద్ద ఊళ్ళో, బ్యాగుల ఫ్యాక్టరీలో కుట్లు చూసి మంచి చెడ్డా తేల్చే పనిలో చేరింది. పెళ్ళి చేసుకోలేదు. సెలవు దొరికినప్పుడల్లా తనే వచ్చేది. "నువ్వొక్కసారి రావే" అంటే, జిప్పులమ్మ "వస్తాలే అక్కా" అనేది. ఆ "వస్తాలే" అలా ముదిరి ముసలిదైపోయింది.

ఈమధ్య అక్కకు నాలుగడుగులు వేస్తే ఆయాసం. గుండెలో వాల్వు పాడైందన్నారు.

"మార్చాలంటున్నారే" అంది అక్క ఫోన్లో.

"మార్పించుకో అక్కా. ఆలస్యం చేయకు."

"నువ్వొచ్చి పక్కన ఉంటే చేయించుకుంటా. లేకపోతే వద్దు. నడిచినన్నాళ్ళు నడుస్తుంది, తర్వాత ఆగుతుంది."

అక్క బతిమాలే మనిషి కాదు, బెదిరించే మనిషీ కాదు. అన్నదంటే అన్నట్టే.

జిప్పులమ్మ ఒకసారి బయల్దేరింది కూడా. మేడ మీద అద్దెకుండే టీచరమ్మ దగ్గర పెట్టె అడిగి తీసుకుని స్టేషను దాకా వెళ్ళింది. రైలు మెట్టు మీద ఒక కాలు పెట్టింది. పెట్టె పైకి లాగబోతుంటే హ్యాండిల్ కిర్రుమంది. అంతే, ఒళ్ళంతా ముచ్చెమటలు పోశాయి. కాలు వెనక్కి తీసుకుంది. బండి కదిలి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి ఫోన్ చేసి ఏదో కడుపునొప్పి అని చెప్పింది. అప్పటికే ఆసుపత్రిలో చేరిన అక్క మర్నాడు ఇంటికి వెళ్ళిపోయింది. తిట్టలేదు. "సరేలే, మళ్ళీ డేటు అడుగుతా" అంది. నాలుగు తిట్టినా బాగుండేదని జిప్పులమ్మ చాలా రోజులు ఏడ్చింది.

ఇప్పుడు రెండో డేటు వచ్చింది. ఇంకోసారి వాయిదా అంటే తమ వల్ల కాదనీ, ఆ గుండె అంతదాకా తట్టుకోదనీ డాక్టర్లు ముఖానే చెప్పారట. అంటే తను వెళ్ళకపోతే అక్క ఆపరేషన్ బల్ల ఎక్కదు. ఎక్కకపోతే... ఆ వాక్యాన్ని చివరిదాకా అనుకోవడానికి కూడా జిప్పులమ్మకు ధైర్యం చాలేది కాదు.

పోనీ భర్త తోడు వస్తాడా అంటే, ఆయనది ఇంకో కథ. ఆయన దుకాణాలకు బోర్డులు రాసే మేస్త్రి. నిచ్చెన మీద నిలబడి, తను రాసిన అక్షరం ఎలా ఉందో వెనక్కి వాలి చూసుకోబోయాడు. నిచ్చెన మీద ఉన్నానన్న సంగతి మర్చిపోయాడు. ఇప్పుడు కాలికి కట్టుతో మంచం మీద నుంచి సలహాలు రాలుస్తున్నాడు.

"ఈసారి ఇంకొకరి పెట్టె వద్దండీ. నేనే కుట్టుకుంటాను" అంది ఆమె.

"కుట్టుకో. ఆ కిర్రు వినపడదు కనీసం" అన్నాడు.

మందపాటి నీలం గుడ్డ తీసింది. రెండు పొరలు వేసి, పట్టీలు అడుగు దాకా తిప్పి కుట్టింది. చూడముచ్చటైన బ్యాగు తయారైంది. పనివాళ్ళెవరైనా అక్కడితో ఆపేస్తారు. ఆమె ఆపలేదు. మర్నాడు పట్టీ కుట్టు ఊడదీసి మళ్ళీ కుట్టింది. ఆ మర్నాడు జిప్పు మార్చింది. ఆ తర్వాత అడుగున అట్ట పల్చగా ఉందని మొత్తం విప్పింది. బ్యాగు పూర్తయితే వెళ్ళాల్సి వస్తుందని ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఇద్దరూ దాన్ని జిప్పు సంగతి లాగే మాట్లాడుకునేవారు.

"దానికి ఇంకా ఏం లోటుందే?"

"మూలలు పట్టుగా లేవండీ."

"మూలల్లో ఏం పెడతావు? ఏనుగునా?"

ఆమె నవ్వలేదు. నవ్వే స్థితిలో లేదు. రాను రాను అన్నం సహించడం మానేసింది. ఏ బ్యాగు జిప్పు లాగినా లోపల మడతలే కనిపిస్తున్నాయి. మధ్యలో బండి మారాలి. మారేచోట ఏ ప్లాట్‌ఫారమో తెలియకపోతే? ఎవరినైనా అడిగితే తప్పు చెబితే? ఆసుపత్రి దొరక్కపోతే? దొరికి, తను గుమ్మంలో అడుగుపెట్టేసరికి... అక్కడ మళ్ళీ ఆగిపోయేది. అన్ని భయాల అడుగునా ఉన్న భయం అదే. బండి, బ్యాగు, దొంగలు, ఇవన్నీ దాని మీద కప్పిన గుడ్డలు.

చాలదన్నట్టు టీచరమ్మ దిగివచ్చి ధైర్యం చెప్పింది. లోకమంతా తిరిగిన మనిషి, ధైర్యం కూడా పాఠంలాగే చెబుతుంది. "భయపడకమ్మా. ఎవరితోనూ మాట్లాడకు. ఎవరేమిచ్చినా తినకు. బ్యాగు కింద పెట్టకు, పైన పెట్టకు, ఒళ్ళోనే పెట్టుకో. ముఖ్యంగా నలుగురి ముందు తెరవకు. తెరిచావంటే ఏముందో చూసేస్తారు. ఇక అంతే!" అని, అంతే అంటే ఏమిటో చెప్పకుండానే మేడెక్కి వెళ్ళిపోయింది. జిప్పులమ్మకు ఉన్న కాస్త ప్రాణమూ పైకే పోయింది.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం బ్యాగు సర్దింది. రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన. వాటన్నిటి మీదా ఒక చిన్న దిండు. అది అక్క కోసం. గుండె ఆపరేషన్ అయినవాళ్ళు దగ్గు వస్తే ఛాతీకి దిండు అదిమి పెట్టుకోవాలట, లేకపోతే కుట్ల దగ్గర ప్రాణం పోయినంత నొప్పట. అక్క ఫోన్లో మాటవరసకి చెప్పింది. జిప్పులమ్మ మెత్తటి గుడ్డ వెతికి, దూది నింపి, గరుకు తగలకుండా కుట్లన్నీ లోపలికి తిప్పి కుట్టింది. ఈ ప్రయాణం కోసం ఆమె భయం లేకుండా చేసిన పని అదొక్కటే.

సర్దాక పట్టుకుని లేపి చూసింది. తేలిగ్గా ఉంది. ఈ బరువుకి పట్టీ నిలిస్తే ఏం లెక్క? రేపు ఎవరైనా గుంజితే? కొక్కెం వంక చూసింది. ఎవరి బ్యాగైనా రాత్రంతా వేలాడాకే కదా గుమ్మం దాటేది, తన బ్యాగుకి మాత్రం మినహాయింపు ఎందుకు? సర్దినవన్నీ తీసి పని బల్ల మీద పేర్చి, దుమ్ము పడకుండా పాత గుడ్డ కప్పింది. బ్యాగులో ఇసుక మూటలు నింపి, జిప్పు లాగి, కొక్కేనికి తగిలించింది. తెల్లారగానే మూటలు తీసి బట్టలు పెట్టుకోవాలనుకుంది.

తెల్లారింది. పట్టీ నిలిచింది. ఆమె మాత్రం నిలవలేదు. లేచిన దగ్గర్నుంచి వాంతులు. టాక్సీ చెప్పినదానికంటే ముందే వచ్చి వీధిలో హారన్ మోగించింది. ఆమె బాత్రూమ్‌లో గోడ పట్టుకుని నిలబడి ఉంటే, ఈసారి ఎలాగైనా పంపి తీరాలని పట్టుదల మీదున్న మేస్త్రి కర్ర ఊతంతో ముందుగదిలోకి వచ్చి, "అదిగో, ఆ కొక్కేనికి ఉన్నదే" అని డ్రైవరుకి చూపించాడు. డ్రైవరు దాన్ని దించి, "అమ్మో" అని మూలిగి, తీసుకెళ్ళి కారులో పెట్టాడు.

ఆమె వచ్చేసరికి కొక్కెం ఖాళీగా ఉంది. ఆయన మూటలు తీసి బట్టలు సర్దేశాడనుకుంది. ఆయనేమో ఆమె ఎప్పుడో సర్దేసిందనుకున్నాడు. కారులో బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. ఇంకెవరైనా అయితే ఆ బరువుకి ఉలిక్కిపడేవాళ్ళు. ఆమె ఉలిక్కిపడలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి కొక్కేనికి ఎక్కించీ దించీ ఆ చేతులకి తెలిసిన బరువు అదే. బ్యాగంటే ఇంతే ఉండాలని ఆ చేతులు ఎప్పుడో నిర్ణయించేసుకున్నాయి. ఆ ఉదయం ఆమెకు సవ్యంగా అనిపించింది ఏదైనా ఉందంటే ఆ బరువొక్కటే.

రైలు మెట్టు దగ్గర మళ్ళీ ఆగింది. "సరేలే" అన్న అక్క గొంతు చెవిలో మోగింది. కళ్ళు మూసుకుని ఎక్కేసింది. పట్టీ కిర్రుమనలేదు.

రోజంతా అలాగే కూర్చుంది. బ్యాగు ఒళ్ళో, చేతులు బ్యాగు చుట్టూ. తొడలు తిమ్మిరెక్కాయి. ఎదురు సీటు ముసలాయన "కాస్త కింద పెట్టుకోండమ్మా" అంటే, ఆయన మీద దొంగతనం కేసు పెట్టినంత అనుమానంగా చూసింది. ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకుని మళ్ళీ ఇటు చూడలేదు. బండి మారేచోట ప్లాట్‌ఫారం ఎక్కడో అడగడానికి నోరు పెగల్లేదు. ఒక పిల్లల తల్లి తనంతట తనే "ఆ బండికేనా? నాతో రండి" అంటే, నమ్మాలో వద్దో తెలియక దూరంగా వెనకే నడిచింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, ఇసుక గుండెలకు హత్తుకుని, సాయంత్రానికి ఆసుపత్రి గుమ్మంలో నిలబడింది.

అక్క మంచం మీద కూర్చుని ఉంది. సగానికి సగం అయిపోయింది మనిషి. "వచ్చావా" అంది.

"వచ్చాను."

అక్క కళ్ళు ఆమె మొహం మీంచి బ్యాగు మీదికి జారాయి. పని చేసిన చేతులు కదా, ఊరుకోవు. "నువ్వే కుట్టావా? ఏదీ, ఇలా పెట్టు." పక్క మీద పెట్టించుకుని బొటనవేలితో కుట్టు వెంబడి తడిమింది. "ఎన్నిసార్లు ఊడదీశావే? గుడ్డంతా జల్లెడ చేశావు." జిప్పు లాగింది.

లోపల ఎర్రదారం కుట్లు.

జిప్పులమ్మకు గది గిర్రున తిరిగింది. బట్టలు లేవు. దువ్వెన లేదు. దిండు లేదు. దిండు ఇంట్లో, బల్ల మీద, గుడ్డ కింద ఉంది. "అక్కా, నేను..." అంటూ మూటలు పక్కకు తోసి అడుగుదాకా వెతికింది. ఇంత భయపడి, ఇంత దూరం వచ్చి, చివరికి చేసిన నిర్వాకం ఇదా అని తన్ను తనే చంపేసుకోవాలనిపించింది.

అక్క ఒక మూట తీసి ఒళ్ళో పెట్టుకుంది. తన కుట్టు తను గుర్తుపట్టింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పడీపడీ నవ్వింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. "ఇసుకండీ! మా చెల్లెలు రోజంతా ఇసుక మోసుకొచ్చింది!" అని ఆయాసపడుతూ చెప్పింది. నర్సు ఇద్దరినీ కసిరి వెళ్ళిపోయింది.

జిప్పులమ్మ వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది. "బల్ల మీద బట్టలు చూశారా?"

"పొద్దున నువ్వెళ్ళిన కాసేపటికే చూశాను."

"మరి ఫోన్ చెయ్యలేదేం?"

"చేస్తే ఆ వంకన తర్వాతి స్టేషన్లో దిగి వచ్చేస్తావని" అన్నాడు మేస్త్రి. ఆయన అన్నది నిజమే. దిగిపోయేదే.

మర్నాటి ఉదయం తోపుడు మంచం తెచ్చారు. తలుపు దాకా పక్కనే నడవనిచ్చారు. అక్క చెయ్యి మంచులా ఉంది.

"భయంగా ఉందే" అంది అక్క.

ఆ మాట అక్క నోట ఎప్పుడూ వినలేదు. నాన్న పోయిన రోజు కూడా వినలేదు.

"పోయినసారి నీ మీద నెపం పెట్టి ఇంటికెళ్ళిపోయా గాని, నువ్వు వచ్చినా పారిపోయేదాన్నేమో. నాకూ ధైర్యం లేదే." తలుపు దగ్గరికి వచ్చేసింది. అక్క వేళ్ళు బిగిశాయి. "తెగేదేదో నీ దగ్గరే తెగాలనిపించింది. అందుకే రమ్మన్నా."

"తెగితే కుట్టడానికి నేను లేనా" అంది జిప్పులమ్మ. అన్నదన్నమాటే గాని పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. చెయ్యి విడిపించుకున్నది అక్కే. తలుపు మూసుకుంది.

వరండాలో బెంచీ మీద కూర్చుంది. భయం పోయిందా అంటే పోలేదు. ఇంట్లో ఉన్నప్పటికంటే ఎక్కువే ఉంది, ఇప్పుడు దాని మీద కప్పడానికి రైళ్ళూ దొంగలూ కూడా మిగల్లేదు. ఆ గోధుమరంగు బ్యాగులో మడతలు కళ్ళ ముందు ఆడుతూనే ఉన్నాయి. కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, బ్యాగులోంచి అన్నిటికన్నా పెద్ద ఇసుక మూట తీసింది. ఆమె జాకెట్టుకి ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉంటుంది, దారంతో సహా. ఒక పక్క ఎర్రకుట్లు జాగ్రత్తగా ఊడదీసి, ఇసుకంతా వరండా చివర పూలకుండీలో పోసింది. గుడ్డని కుళాయి కింద జాడించి, కిటికీలో ఎండకి ఆరేసింది. నిన్న కసిరిన నర్సు దగ్గరికి వెళ్ళి ఒక దూది చుట్ట అడిగింది. ఎందుకని అడిగితే చెప్పింది. నర్సు ఆమె మొహం వంక ఒక్క క్షణం చూసి, రెండు చుట్టలు ఇచ్చింది.

మళ్ళీ బెంచీ మీదికి వచ్చి, ఆరిన గుడ్డలో దూది కూరి, కుట్లు లోపలికి తిప్పి కుట్టడం మొదలుపెట్టింది. రెండుసార్లు సూది గుచ్చుకుంది. తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూసి, మళ్ళీ కుట్టులో పడింది. ఈసారి ఊడదీసి మళ్ళీ కుట్టడానికి వ్యవధి లేదు. అక్క బయటికి వచ్చాక దగ్గు వస్తే, అప్పటికి ఈ దిండు చేతికి అందాలి.